నోట్లు చల్లితే జైలు, చల్లకపోతే చిన్నతనం: నైజీరియాలో హోదా లెక్కలు

క్లుప్తంగా: నైజీరియా వేడుకల్లో డబ్బు చల్లడం, అంతా ఒకే రకం బట్ట కట్టడం, పేరుకు ముందు బిరుదులు తగిలించుకోవడం పైకి ఒట్టి దర్పంలా కనిపిస్తాయి. లోపల బంధుత్వాలు, బాకీలు, నమ్మకం అన్నీ నలుగురి ముందు నమోదయ్యే పద్ధతి ఒకటి నడుస్తోంది. ధరలు పెరిగినా, చట్టాలు వచ్చినా ఆ పద్ధతి ఆగకుండా రూపం మార్చుకుంటూ పోతోంది. శిక్షల బరువు మాత్రం అందరి మీదా ఒకేలా పడటం లేదు.

2024 ఏప్రిల్‌లో లాగోస్‌లోని ఫెడరల్ హైకోర్టు సోషల్ మీడియాలో బాగా పేరున్న బాబ్రిస్కీకి ఆరు నెలల జైలు శిక్ష వేసింది. జరిమానా కట్టి బయటపడే వీలు కూడా ఇవ్వలేదు. చేసిన నేరం వేడుకల్లో నైరా (నైజీరియా కరెన్సీ) నోట్లు చల్లడం. అంతకు రెండు నెలల ముందు ఒక నటికి ఇలాంటి కేసులోనే ఆరు నెలల శిక్ష పడింది. ఆమెకు మాత్రం మూడు లక్షల నైరాలు జరిమానా కట్టే వెసులుబాటు దొరికింది. కేసులు పెట్టింది ఆర్థిక నేరాల విభాగం ఈఎఫ్‌సీసీ. పెద్ద పెద్ద అవినీతి కేసులు చూడాల్సిన సంస్థ పెళ్ళిళ్ళ వీడియోలు చూస్తూ కూర్చోవడం ఏమిటని నైజీరియాలోనే చాలామంది అడిగారు.

బయటి వాళ్ళకు మరో అయోమయం ఉంటుంది. దేశంలో 63 శాతం మంది, అంటే 13.3 కోట్ల మంది, బహుముఖ పేదరికంలో (చదువు, ఆరోగ్యం, బతుకు వసతుల లేమిని కలిపి చూసే లెక్క) ఉన్నారని 2022లో నైజీరియా గణాంక సంస్థే తేల్చింది. అలాంటి చోట పెళ్ళిళ్ళలో నోట్ల వాన ఎందుకు కురుస్తోంది? చెయ్యి ఆడని వాళ్ళు కూడా అప్పు చేసి మరీ ఎందుకు ఇందులో దిగుతున్నారు? గర్వం, గొప్పలు అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

చల్లిన డబ్బు ఎక్కడికి పోతుంది

నైరుతి నైజీరియాలోని యొరుబా ప్రజల పెద్ద విందులను ఒవాంబే అంటారు. పెళ్ళి, పేరు పెట్టడం, యాభయ్యో అరవయ్యో పుట్టినరోజు, నిండు వయసులో పోయిన పెద్దల అంత్యక్రియలు, ఏదైనా ఒవాంబే కావచ్చు. టెంట్లు వేస్తారు, జొలోఫ్ అన్నం వండుతారు, బ్యాండు పెడతారు. నోట్లు చల్లడానికి అసలు సందర్భం ఆ బ్యాండు ముందు చేసే నాట్యం. వేడుక ఎవరిదో వాళ్ళు నడుమ ఆడుతుంటారు. బంధువులు, స్నేహితులు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి నోట్లు ఒకటొకటిగా నుదుటి మీద అతికిస్తారు, లేదా తల మీదుగా రాలుస్తారు. కింద పడ్డవాటిని ఏరి సంచిలో వేసుకోవడానికి ఇంటివాళ్ళు ఒక మనిషిని ముందే పెట్టుకుంటారు.

అంటే డబ్బు గాలికి పోవడం లేదు. వేడుక చేసినవాళ్ళకు, పాడినవాళ్ళకు చేరుతోంది. మన పెళ్ళిళ్ళలో చదివింపులు చేసే పని ఇక్కడ నోట్లు చల్లడం చేస్తుంది. తేడా ఏమిటంటే పుస్తకంలో రాసుకునే మనిషి ఉండడు, చూసిన కళ్ళే లెక్క రాసుకుంటాయి. ఎవరు వచ్చారు, ఎంతసేపు నిలబడ్డారు, కట్ట తీశారా నాలుగు నోట్లతో సరిపెట్టారా అన్నది వేడుక చేసినవాళ్ళకు గుర్తుంటుంది. రేపు ఆ వచ్చినవాళ్ళ ఇంట్లో కార్యం జరిగినప్పుడు అది తిరిగి చెల్లించాలి.

వాయిద్యగాళ్ళకు ఇందులో సొంత పాత్ర ఉంది. యొరుబా సంప్రదాయంలో మనిషి వంశాన్ని, గుణగణాలను పొగిడే స్తుతి పద్యాలున్నాయి. వాటిని ఒరికి అంటారు. మాట్లాడే డోలుగా పేరుపొందిన వాయిద్యం మీద ఆ పేర్లను పలికించగలరు. జూజూ, ఫూజీ అనే సంగీత శైలులు ఆ పద్ధతిని ఆధునిక వేదిక మీదికి తెచ్చాయి. గాయకుడు పాట మధ్యలో వచ్చినవాళ్ళ పేరు, ఊరు, తండ్రి పేరు అల్లుతాడు. పేరు వినపడ్డాక ముందుకు రాకపోతే చిన్నతనం. ముందుకు వస్తే మరో నాలుగు పొగడ్తలు, వాటికి మరిన్ని నోట్లు. సన్నీ అడే లాంటి జూజూ దిగ్గజాలు ఈ కళలో ఆరితేరినవాళ్ళు.

చిన్న నోట్ల కోసం విందు హాళ్ళ బయట ఒక చిన్న బజారే నడుస్తుంది. పెద్ద మొత్తం ఇస్తే కొంత కమిషన్ పట్టుకుని, పెళపెళలాడే కొత్త నోట్ల కట్టలు ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఇదీ చట్టవిరుద్ధమే. 2007 నాటి సెంట్రల్ బ్యాంక్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం నైరా నోట్లను చల్లడం, వాటి మీద నాట్యం చేయడం, తొక్కడం, అమ్మడం అన్నీ నేరాలే. కనీస శిక్ష ఆరు నెలల జైలు, లేదా 50,000 నైరాల జరిమానా, లేదా రెండూ.

ఈ జరిమానా సంగతి కాస్త చూడాలి. చట్టం వచ్చిన రోజుల్లో 50,000 నైరాలంటే సుమారు 400 డాలర్లు. 2024లో డాలరు 1,500 నైరాల చుట్టుపక్కల తిరిగినప్పుడు అదే మొత్తం 33 డాలర్లకు దిగింది. వంద నోట్లుండే 500 నైరాల కట్ట ఒక్కటి సరిగ్గా అంత విలువ చేస్తుంది. ఈ లెక్కన కనీస జరిమానా కట్టడానికి, చల్లడానికి తెచ్చుకున్న కట్టల్లో ఒకటి చాలు. భయపెట్టేది జైలు గదే తప్ప జరిమానా కాదు. పైగా 2005లో వచ్చిన వెయ్యి నైరాల నోటే ఇప్పటికీ దేశంలో అతి పెద్దది. దాని విలువ డాలరు కంటే తక్కువకు పడిపోయాక, చేతి నిండా నోట్లు ఆడించడం మధ్యతరగతికి కూడా అందుబాటులోకి వచ్చింది.

ఒకే బట్ట, రకరకాల మెట్లు

నోట్ల వాన వార్తల్లోకి ఎక్కుతుంది కానీ ఖర్చులో అసలు భారం చాలామందికి బట్టలతో వస్తుంది. వేడుక చేసే కుటుంబం ఒక రంగు, ఒక నేత ఎంచుకుని దాన్ని బంధుమిత్రులకు అమ్ముతుంది. కొన్నవాళ్ళు దర్జీ దగ్గర తమకు నచ్చినట్టు కుట్టించుకుని ఆ రోజు కట్టుకొస్తారు. దీన్నే ఆషో ఎబీ అంటారు, కుటుంబపు బట్ట అని. ఒకప్పుడు రక్తసంబంధీకులకే పరిమితం. ఇప్పుడు ఆఫీసులో పక్క సీటువాళ్ళు, చర్చిలో పరిచయస్తులు కూడా కొనాల్సి వస్తోంది. పద్ధతి యొరుబాలదే అయినా దేశమంతా పాకింది.

బట్టలోనూ అంతస్తులుంటాయి. పెళ్ళికూతురు తల్లి వైపు వాళ్ళకు ఒక రంగు, తండ్రి వైపు వాళ్ళకు ఇంకొకటి. దగ్గరి స్నేహితురాళ్ళకు ఖరీదైన లేసు, మిగతావాళ్ళకు అంకారా అనే అచ్చు నూలు బట్ట. కొనలేనివాళ్ళకు తలకు చుట్టుకునే గెలే, మగవాళ్ళకు టోపీ అయితే చాలంటారు. కొన్న మెట్టును బట్టి కూర్చోబెట్టే చోటు, వడ్డన, తిరిగి వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టే కానుక మారతాయి. ఆ కానుక ప్లాస్టిక్ బకెట్టు కావచ్చు, స్టీలు గిన్నె కావచ్చు, దాని మీద వేడుక చేసినవాళ్ళ ఫొటో అచ్చు వేసి ఉంటుంది. మామూలు బట్టలో వెళ్ళినవాళ్ళను ఎవరూ గెంటేయరు. కాకపోతే వడ్డించే మనిషి ఆ టేబుల్ దగ్గరికి ఆలస్యంగా వస్తాడు.

కుటుంబం కోణంలో చూస్తే ఇది తెలివైన ఏర్పాటు. టోకున కొన్న బట్టను కొంత లాభానికి అమ్మితే ఆ డబ్బు వంట ఖర్చుకు కలిసొస్తుంది. ఎంతమంది బట్ట కొన్నారో చూస్తే ఎంతమంది వస్తారో ముందే తెలుస్తుంది. ఫొటోలో వంద మంది ఒకే రంగులో నిలబడితే ఆ ఇంటి వెనుక ఇంతమంది ఉన్నారని ఊరందరికీ కనిపిస్తుంది. కొనేవాళ్ళ వైపు నుంచి చూస్తే మాత్రం ఇది ఏడాది పొడవునా వచ్చే బిల్లు. చాలామంది ఎసూసు అనే తిరుగుడు పొదుపు గుంపుల్లో, సహకార సంఘాల్లో ఇందుకోసమే డబ్బు వేసుకుంటారు. వద్దనుకోవచ్చు కదా అంటే, వద్దనుకున్నవాళ్ళ ఇంటి కార్యానికి రేపు ఎవరు వస్తారన్నది ఎదురుప్రశ్న.

ఈ బట్టలు చాలావరకు నైజీరియాలో పుట్టినవి కావు. ప్రతిష్ఠకు పెట్టింది పేరైన లేసు 1960ల నుంచి ఆస్ట్రియాలోని ఫొరార్ల్‌బర్గ్ ప్రాంతంలో, ముఖ్యంగా లూస్టెనౌ పట్టణంలో, నైజీరియాలో కొనేవాళ్ళ అభిరుచికి తగ్గట్టు తయారవుతోంది. మేలురకం అంకారా హాలండ్ నుంచి వస్తుంది.

ఈ కథలో తెలుగు నేలకూ వాటా ఉంది. చీరాల, దాని చుట్టుపక్కల ఊళ్ళ నేతన్నలు తరతరాలుగా నేసిన గళ్ళ రుమాళ్ళు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు ఓడలెక్కేవి. నైజర్ డెల్టాలోని కలాబరి ప్రజలు ఆ గుడ్డను ఇంజిరి అంటారు. ఆగ్నేయ నైజీరియాలో, డెల్టాలో ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే మద్రాసు బట్టకు జార్జ్ అని పేరు. కలాబరిలకు ఇంజిరి పుట్టుక నుంచి చావు దాకా తోడుండే బట్ట. పెద్దవాళ్ళు పోయినప్పుడు మంచాలను కుటుంబం పెట్టెల్లో దాచిన పాత బట్టలతో అలంకరించి ఊరికి చూపిస్తారు. ఎన్ని పాత బట్టలుంటే అంత పాత ఇల్లు. గళ్ళ గుడ్డలో కొన్ని పోగులను బ్లేడుతో కోసి లాగేసి, కొత్త డిజైన్ తెప్పించే పనితనం కూడా వాళ్ళదే. నైజీరియా దిగుమతి ఆంక్షలు, నైరా పతనం వల్ల చీరాల ఎగుమతి బాగా తగ్గిపోయింది. ఇక్కడ మగ్గం మీద గుడ్డ నేసినవాళ్ళలో చాలామందికి అది అక్కడ ఒక ఇంటి వయసును రుజువు చేసే పత్రంలా పనికొస్తుందని తెలిసి ఉండకపోవచ్చు.

మనుషులే ఆస్తి అయిన చోట

పశ్చిమ ఆఫ్రికా చరిత్రను చదివిన మానవశాస్త్రవేత్తలు ఒక సంగతి తరచూ చెబుతారు. అక్కడ చాలా ప్రాంతాల్లో భూమికి కొదవ లేదు, దున్నే చేతులకే కొదవ. కాబట్టి పెద్దమనిషి అంటే ఎక్కువ పొలం ఉన్నవాడు కాడు, ఎక్కువమంది వెంట ఉన్నవాడు. భార్యలు, పిల్లలు, ఆశ్రితులు, పని నేర్చుకునే కుర్రాళ్ళు, పొగిడేవాళ్ళు ఉండాలి. వాళ్ళు నిలబడాలంటే పెట్టాలి, పంచాలి. దాచుకున్న డబ్బు ఎవరికీ కనపడదు, దానికి పలుకుబడి రాదు. పంచిన డబ్బుకే వస్తుంది. ఈ నేపథ్యంలో చూస్తే ఒవాంబే ఒక మనిషి వెనుక ఎంతమంది ఉన్నారో చేసే బహిరంగ తనిఖీ.

బ్రిటిష్ పాలన దీని మీద ఇంకో పొర వేసింది. పరోక్ష పాలన పేరుతో ఉన్న రాజుల ద్వారా పాలించారు. రాజులు లేని ఆగ్నేయంలోని ఇగ్బో ప్రజల ప్రాంతాల్లో వారెంటు కాగితం ఇచ్చి కొత్త ‘చీఫ్’లను తయారుచేశారు. ఆ పెత్తనం మీద, పన్ను భయం మీద 1929లో అబా పట్టణం చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్ళు తిరగబడ్డారు కూడా. మరోవైపు ఇంగ్లీషు చదువు, తెల్లదొరల కాలనీల్లాంటి ఇళ్ళు, కారు, నౌకర్లు కొత్త హోదా గుర్తులయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక దొర కుర్చీలో నైజీరియావాడు కూర్చున్నాడు, కుర్చీ ఎత్తు తగ్గలేదు.

ఆ తర్వాత చమురు వచ్చింది. 1973-74లో ముడి చమురు ధర నాలుగింతలైంది. ఉడోజీ కమిషన్ సిఫార్సులతో ప్రభుత్వోద్యోగుల జీతాలు ఒక్కసారిగా పెరిగి, బకాయిలు కూడా చేతికొచ్చాయి. 1975లో లక్షల టన్నుల సిమెంటు మోసుకొచ్చిన వందల ఓడలు దింపే చోటు లేక లాగోస్ రేవు బయట నెలల తరబడి లంగరేశాయి. ఏం చేసి సంపాదించారన్న ప్రశ్నకు, ఎంత సంపాదించారన్న దానికి మధ్య లంకె తెగింది ఆ కాలంలోనేనని చెప్పవచ్చు. కష్టపడి పైకి వచ్చినవాళ్ళు, కాంట్రాక్టు సంతకంతో వచ్చినవాళ్ళు ఒకే హాల్లో ఒకే లేసులో ఆడటం మొదలైంది. మునుపు వయసు, వంశం, త్యాగం చూసి ఇచ్చే గౌరవాన్ని డబ్బు నేరుగా కొనగలిగింది.

పేరుకు ముందు ఎన్ని పేర్లు

నైజీరియాలో పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం తప్పు. తల్లిని పిల్లల పేరుతో ‘మామా ఫలానా’ అంటారు. పరిచయం లేని పెద్దావిడ ‘ఆంటీ’, యజమాని ‘ఓగా’. యొరుబా ఇళ్ళలో అబ్బాయిలు పెద్దల ముందు సాగిలపడతారు, అమ్మాయిలు మోకాలు వంచుతారు. ఇంతవరకు తెలుగువాళ్ళకు వింతేమీ లేదు. అయితే ఇంజనీర్, బారిస్టర్, ఆర్కిటెక్ట్, సర్వేయర్ లాంటి వృత్తులన్నీ కూడా డాక్టర్ లాగే పేరుకు ముందు కూర్చుంటాయి. మక్కా వెళ్ళొచ్చినవారు అల్హాజీ, అల్హాజా. జెరూసలేం వెళ్ళొచ్చిన క్రైస్తవులు పేరు చివర ‘జేపీ’ (జెరూసలేం పిల్‌గ్రిమ్) అని పెట్టుకుంటారు. రాజులు ఇచ్చే చీఫ్ బిరుదు, విశ్వవిద్యాలయాలు ఇచ్చే గౌరవ డాక్టరేట్ కలిస్తే ఆహ్వాన పత్రికలో మనిషి పేరు రెండో లైనుకు జరుగుతుంది.

గౌరవ డాక్టరేట్లు తీసుకున్నవాళ్ళు డాక్టర్ అని రాసుకోకూడదని 2012లోనే కెఫీ పట్టణంలో వైస్ చాన్స్‌లర్లు తీర్మానించారు. పదవిలో ఉన్న నాయకులకు వాటిని ఇవ్వకూడదనీ అన్నారు. ఆచరణలో పెద్దగా మారింది లేదు. అమ్మకానికి సరుకుండి, కొనేవాళ్ళు కాచుకుని ఉన్నప్పుడు తీర్మానం ఏం చేస్తుంది?

సభల్లో ఈ బిరుదులకు మైకు తోడవుతుంది. వేదిక మీది ముఖ్యమైన బల్లను హై టేబుల్ అంటారు. అక్కడికి ఒక్కొక్కరినీ పూర్తి బిరుదులతో పిలవడానికే గంట పడుతుంది. ప్రతి వక్తా వేదిక మీది వాళ్ళందరినీ వరసగా తలవాలి. ఎవరి పేరైనా తప్పితే గొడవ. అందుకే ‘ఆల్ ప్రోటోకాల్స్ అబ్జర్వ్‌డ్’ అని ఒక్క మాటతో దాటేసే అలవాటు దేశమంతటా స్థిరపడింది. పుస్తకం ఆవిష్కరించినా, చర్చి హాలు కట్టినా ‘చీఫ్ లాంచర్’ అని ఒకరిని పిలుస్తారు. ఆయన ఎంత ఇస్తున్నాడో మైకులో చెప్పాలి. తర్వాతివాళ్ళు దాన్ని చూసుకుని తమ అంకె చెబుతారు. గుట్టుగా ఇచ్చే దానం ఇక్కడ వేలం పాట పెరగనివ్వదు. విరాళాలు పోగుచేసేవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

ఉత్తరాన హౌసా, ఫులానీ సమాజంలో హోదా ఇంత గలగలలాడదు. అక్కడ ఎమీర్లు అనే ముస్లిం రాజుల దర్బారు, తలపాగా చుట్టి ఇచ్చే వజీరీ, గలదీమా లాంటి పదవులు, బుటా పని చేసిన వెడల్పాటి బబ్బన్ రిగా అంగీ ఉంటాయి. రంజాన్, బక్రీద్ పండుగలకు కానో నగరంలో గుర్రాల ఊరేగింపు జరుగుతుంది. దాన్ని యునెస్కో 2024 డిసెంబరులో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఎవరి గుర్రం ఎమీరుకు ఎంత దగ్గరగా నడుస్తుందన్నదే అక్కడి హై టేబుల్.

చావు ఖర్చు మీద చట్టం

ఆగ్నేయంలోని ఇగ్బోలకు అసలు పరీక్ష సొంత ఊళ్ళో. లాగోస్‌లోనో విదేశంలోనో వ్యాపారం చేసేవాళ్ళు డిసెంబరులో ఊరికి రావాలి, అక్కడ ఇల్లు కట్టాలి. ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసి ఉండే మేడలు ఆ ప్రాంతపు పల్లెల్లో వరసగా కనిపిస్తాయి. వ్యాపారం నేర్పే గురువు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి, చివరకు పెట్టుబడి అందుకుని బయటికొచ్చే పద్ధతి ఇగ్బోల్లో ఉంది. కొడుకును ఎవరి దగ్గర పెట్టాలో ఊళ్ళో తల్లిదండ్రులు ఎలా తేల్చుకుంటారు? బ్యాంకు ఖాతా చూడలేరు. ఇల్లు చూస్తారు, బండి చూస్తారు, తండ్రిని ఎలా సాగనంపాడో చూస్తారు. ఈ కోణంలో ఆడంబరం వ్యాపార ప్రకటన కూడా.

అంత్యక్రియల పోటీ అందుకే అంత తీవ్రం. 2021 జులైలో అనంబ్రా రాష్ట్రంలోని ఓబాలో నైట్‌క్లబ్ వ్యాపారి ఓబీ క్యూబానా తల్లికి జరిగిన అంత్యక్రియలు దేశాన్ని కొన్ని రోజులు వేరే మాట మాట్లాడనివ్వలేదు. స్నేహితులు మందలుగా ఆవులను తోలించారు, ఒక్కరే 46 ఇచ్చారని వార్తలొచ్చాయి. నోట్ల కట్టలు గాల్లోకి ఎగిరాయి. విమర్శకులు చూసింది విశృంఖలత్వం. స్నేహితులు చెప్పింది మాత్రం వేరు: మేం కష్టంలో ఉన్నప్పుడు ఆయన ఆదుకున్నాడు, ఇది తిరిగి ఇవ్వడం.

విచిత్రం ఏమిటంటే అదే అనంబ్రాలో 2019లోనే అంత్యక్రియల ఖర్చును అదుపుచేసే చట్టం వచ్చింది. శవాన్ని నెలల తరబడి మార్చురీలో ఉంచి డబ్బు పోగుచేసుకోకూడదని, కార్యక్రమం ఒక్క రోజులో ముగించాలని అందులో ఉంది. మామూలు కుటుంబాలు అప్పులపాలవుతున్నాయన్నది నిజమైన సమస్యే. పోటీలో అందరూ ఒకేసారి తగ్గితే అందరికీ లాభం, ఒక్కరే తగ్గితే ఆ ఒక్కరికీ పరువు నష్టం. చట్టం లాంటిది పనికొచ్చేది ఇలాంటి చిక్కులోనే. అయితే ఉల్లంఘించే స్తోమత ఉన్నవాళ్ళ ఇంటికే ఆ చట్టాన్ని అమలుచేయాల్సిన పెద్దలు అతిథులుగా వస్తారు.

‘నేనెవరో తెలుసా?’

ఇప్పటిదాకా చెప్పుకున్న దాంట్లో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. హోదాకు రెండో ముఖంలో అది లేదు. క్యూ తప్పించుకోవడం, సైరన్ మోగిస్తూ ఎదురుదారిలో పోవడం, గార్డు గేటు ఆలస్యంగా తీస్తే కేకలేయడం దీని కిందికి వస్తాయి. ‘డూ యూ నో హూ ఐ యామ్’ అన్న మాట అక్కడ ఎంత మామూలంటే దాని మీద జోకులకు లెక్క లేదు.

2025 ఆగస్టులో రెండు ఘటనలు రోజుల తేడాతో జరిగాయి. అబుజా విమానాశ్రయంలో పేరున్న ఒక ఫూజీ గాయకుడు సిబ్బందితో గొడవపడి, బయల్దేరబోతున్న విమానం ముందు నిలబడ్డాడు. ఆయనకు మొదట విమాన ప్రయాణ నిషేధం వేసి, తర్వాత దాన్ని నెలకు తగ్గించారు. కొద్ది రోజులకే ఇంకో విమానంలో సిబ్బందితో గొడవపడిన ఒక సామాన్య ప్రయాణికురాలిని వెంటనే జైలుకు పంపారు. ఆమెను ఈడ్చుకెళ్తున్న వీడియో దేశమంతా చూసింది. జనం రెండింటినీ పక్కపక్కన పెట్టి అడిగాక ఆమె మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. గాయకుడికైతే విమానాశ్రయ భద్రత మీద ప్రచారకర్తగా పని ఇస్తామన్నారు.

నియమాలు అందరికీ ఒకేలా వర్తించని చోట, ఎలా కనిపిస్తున్నామన్నది రక్షణ కవచం అవుతుంది. ఇస్త్రీ బట్టలు, వాచీ, ఇంగ్లీషు యాస, కారు ఉంటే పోలీసు చెక్‌పోస్టులో మాట మర్యాదగా వస్తుంది, ఆఫీసులో ఫైలు కదులుతుంది. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా సర్దుకుని దర్జాగా కనిపించడాన్ని కుర్రకారు ‘ప్యాకేజింగ్’ అంటారు. దీన్ని డాంబికం అనేయడం తేలిక. ఎవరు అప్పు ఎలా తీర్చారో నమోదు చేసే సంస్థలు బలంగా లేనప్పుడు, ఎదుటివాళ్ళు మనిషి మీద నమ్మకం పెట్టడానికి వేరే ఆధారం పెద్దగా ఉండదు.

అదే గుర్తులు కుర్రాళ్ళ ఒంటి మీదుంటే ఫలితం తిరగబడుతుంది. ఐఫోన్, జడలు కట్టిన జుట్టు, మంచి కారు ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడిని ‘యాహూ బాయ్’, అంటే ఆన్‌లైన్ మోసగాడు అని ముద్రవేసి పోలీసు విభాగం సార్స్ ఆపేది, డబ్బు గుంజేది. 2020 అక్టోబరులో ‘ఎండ్ సార్స్’ పేరుతో రేగిన ఉద్యమానికి ఇది ఒక ప్రధాన కారణం. ముద్ర పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో రోల్స్ రాయిస్ కార్లతో లక్షలమందిని ఊరించిన హష్‌పప్పీని 2020లో దుబాయిలో పట్టుకున్నప్పుడు, అమెరికా దర్యాప్తు అధికారులు ఆ ఫొటోలనే ఆధారాల్లో చేర్చారు. 2022లో అతనికి అక్కడ పదకొండేళ్ళకు పైగా శిక్ష పడింది. కానీ ఒకడి నేరానికి ఒక తరం మొత్తాన్ని రోడ్డు మీద తనిఖీ చేసిన పోలీసులు, అంతుపట్టని సంపదతో తిరిగే నడివయసు చీఫ్‌లకు సెల్యూట్ కొట్టడం ఎవరి కళ్ళనూ దాటిపోలేదు.

ధరలు మండాక ఏమైంది

2023 మే 29న కొత్త అధ్యక్షుడు టినుబు పెట్రోలు సబ్సిడీ ముగిసిందని ప్రకటించారు. రెండొందల నైరాల లోపున్న లీటరు ఏడాదిన్నరలో వెయ్యికి చేరింది. జూన్‌లో నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదిలేయడంతో దాని విలువ కూలింది. 2024 డిసెంబరుకు ద్రవ్యోల్బణం 34.8 శాతం. ఇలాంటప్పుడు ఆడంబరం తగ్గాలి కదా?

కొంత తగ్గింది. లేసు స్థానంలో అంకారా, అంకారా స్థానంలో ఒట్టి గెలే వస్తున్నాయి. పిలిచినవాళ్ళనే రానిచ్చే చిన్న విందులు పెరుగుతున్నాయి. కిడ్నాపుల భయంతో ఊరికి వెళ్ళడం మానుకున్నవాళ్ళు, వెళ్ళినా పాత బండిలో గుట్టుగా వెళ్ళేవాళ్ళు ఉన్నారు. సంపద బయటపడితే సహాయం అడిగే ఫోన్లూ పెరుగుతాయి. ‘అర్జెంట్ టూ కే’, అంటే అర్జెంటుగా రెండు వేలు పంపు అనే మెసేజ్ దేశంలో అందరికీ తెలిసిన హాస్యం. మరోవైపు విదేశాల్లోని నైజీరియన్లకు నైరా పతనం వరమైంది. వాళ్ళు ఏటా ఇంటికి పంపేది దాదాపు 2,000 కోట్ల డాలర్లు. డిసెంబరులో లాగోస్‌లో దిగితే అదే జీతంతో మునుపటి కంటే ఎన్నో రెట్లు ఖర్చు చేయగలరు. నైరాల్లో జీతం తెచ్చుకునేవాళ్ళు ఆ పోటీలో నిలవలేరు. హోదా నిచ్చెన పొట్టిదవలేదు, మధ్య మెట్లు కొన్ని విరిగాయి.

ప్రభుత్వం తన వైపు నుంచి పొదుపు చూపించిందా అంటే, 2023 అక్టోబరులో పార్లమెంటు సభ్యులకు ఒక్కోటి సుమారు 16 కోట్ల నైరాల చొప్పున టొయోటా ల్యాండ్ క్రూజర్లు కొంటున్న వార్త బయటికొచ్చింది. గుంతల రోడ్లకు గట్టి బండ్లు కావాలన్నారు సభ్యులు. అవే రోడ్ల మీద పాత బస్సుల్లో వెళ్ళే జనానికి ఆ సమాధానం సరిపోలేదు.

నోట్ల కేసుల ప్రభావం వేడుకల మీద కనపడుతోంది. కొన్ని హాళ్ళలో మైకు పట్టుకుని వేడుక నడిపే ఎంసీలు ముందే హెచ్చరిస్తున్నారు. నోట్లు కవర్లో పెట్టి ఇవ్వడం, అక్కడికక్కడే ఫోన్‌లో ట్రాన్స్‌ఫర్ చేయడం పెరుగుతాయని అనుకోవచ్చు. కరెన్సీకి మర్యాద దక్కినంత మాత్రాన బాకీల లెక్క ఆగిపోదు. వచ్చిన మొత్తాన్ని మైకులో చదివే రోజు కూడా ఎంతో దూరంలో ఉండకపోవచ్చు.

హోదా గుర్తుల మీద ఇటీవల వచ్చిన పెద్ద ఆదేశం పోలీసు గార్డుల గురించి. సుమారు 3.7 లక్షల మంది ఉన్న పోలీసు బలగంలో లక్ష మందికి పైగా ప్రముఖుల కాపలాలో, సంచులు మోయడంలో ఉన్నారని చాలాకాలంగా విమర్శ ఉంది. పల్లెల మీద సాయుధ ముఠాల దాడులు పెరగడంతో 2025 నవంబరులో టినుబు వాళ్ళందరినీ వెనక్కి పిలిచి అసలు విధుల్లో పెట్టమన్నారు. ఆ ఆదేశంలోనే ఇంకో వాక్యం ఉంది: సాయుధ రక్షణ కావాలనుకునే ప్రముఖులు సివిల్ డిఫెన్స్ దళాన్ని అడిగి తీసుకోవచ్చు.